నల్లరాయి గట్టు కోసం పరుగు

ముందే ఒక మాట చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి. మిరపకాయల వ్యాపారంలో తరుగు అని ఒకటుంటుంది. రైతు తెచ్చిన సరుకులో తేమ ఉంటుంది, తొడిమలుంటాయి, తెల్లబారిన తాలుకాయలుంటాయి కాబట్టి కొనేవాడు కాటా వేశాక కొంత కోసేసి లెక్క కడతాడు. నా కబుర్లకి కూడా అదే పద్ధతి పాటించండి. నా సరుకు చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతుంది గానీ తేమ ఎక్కువ. నేను కొండచిలువ అంటే మీరు వానపాము అనుకోండి. తుఫాను అంటే నాలుగు చినుకులు అనుకోండి. అంతా విన్నాక, తాలు ఎక్కడ కలిపానో చివర్లో నేనే ఏరి చూపిస్తాను. అప్పటిదాకా ముక్కు మూసుకుని చదవండి. మిరపకాయల కథ గనక ఎలాగూ మూసుకోవాల్సిందే.

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను ఇంకా షావుకార్ల నడుముకే వేలాడుతున్న కాలంలో, మా వైపు మనిషనేవాడు ఊరికే పరిగెత్తడం లేదు. పరిగెత్తాడంటే గేదె తాడు తెంచుకుని ఉండాలి, లేదా బస్సు కదులుతూ ఉండాలి, అదీ ఇదీ కాకపోతే ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉండాలి. నేను మొదటిసారి తెల్లారగట్ల నిక్కరు వేసుకుని మా వీధిలో పరిగెత్తినప్పుడు ఎదురింటి అత్త చేతిలో కళ్ళాపి బకెట్టు అక్కడే వదిలేసి, "ఓరి నాయనో, ఎవురికేమైందిరా, మీ తాతకేనా?" అంటూ ఏడుపు ఎత్తుకుంది. మా తాత పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. అయినా ఆ ఏడుపు విని ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు బయటికొచ్చి, సంగతేమిటో అడక్కుండానే గొంతు కలిపారు. నేను తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు పరామర్శకి వచ్చేవాళ్ళ కోసం బెంచీ వేసి ఉంది.

ఇక ఎర్రబస్సు సంగతి. నేను ఊరు దాటి రోడ్డు పక్కన పరిగెత్తుతుంటే వెనకనుంచి వచ్చిన బస్సు కీచుమంటూ ఆగింది. కండక్టరు తలుపు తీసి, "ఎక్కవయ్యా ఎక్కు! ఎంత దూరం నుంచి ఎంటబడి వస్తన్నావో పాపం" అన్నాడు. "బస్సు కోసం కాదండీ" అన్నాను. "మరి దేనికోసం?" అన్నాడు. బస్సంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నా జవాబు కోసం చూసింది. ఇంతమంది పెద్దమనుషుల మొహాల మీద "ఊరికేనండీ" అని ఎలా చెప్పగలను? ఎక్కాను. టిక్కెట్టు కూడా తీసుకున్నాను. పక్క ఊళ్ళో దిగి మళ్ళీ వెనక్కి పరుగు మొదలుపెట్టాను. తిరుగు ట్రిప్పులో అదే బస్సు వచ్చి నా పక్కనే ఆగింది. "ఏందబ్బాయ్, ఏదన్నా మర్చిపోయావా?" అన్నాడు అదే కండక్టరు, ఎంతో ప్రేమగా.

ఇంతకీ నాకీ పరుగు పిచ్చి ఎలా పట్టిందంటే, దానికి మిరపకాయలే కారణం. నేను అప్పట్లో గుంటూరు వెళ్ళే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. ఎండాకాలంలో గుంటూరు జనం నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఉస్సురంటుంటే, నేను స్వెట్టరూ మంకీ క్యాపూ తొడుక్కుని, మిరపకాయల గోతాల మధ్య పళ్ళు టకటకలాడించుకుంటూ తిరిగేవాణ్ణి. (ఆ గోతాన్ని మా వైపు టిక్కీ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.) లోపల ధృవప్రాంతం, బయట నిప్పుల కొలిమి. బయటికి రాగానే ఒంట్లో రక్తం కదలాలని గోదాము చుట్టూ పరిగెత్తేవాణ్ణి. మొదట్లో హమాలీలు గుమాస్తాకి గాలి సోకిందని అనుకున్నారు. తర్వాత అలవాటుపడి, "గుమాస్తాగారి చుట్లు అయిపోయినయ్యంటే టీ టయిం అయినట్టే" అని నన్నే గడియారంగా వాడుకోవడం మొదలెట్టారు. అలా అలవాటైన కాళ్ళు సెలవు రోజున కూడా ఊరుకునేవి కావు.

కాళ్ళు ఊరుకోకపోతే పందేలకి తీసుకెళ్ళాలి. అప్పట్లో మా చుట్టుపక్కల ఎవరో ఒకరు పరుగు పందెం పెడుతూనే ఉండేవాళ్ళు. బహుమతుల విషయంలో ఒక చక్కటి ఆచారం ఉండేది. ఏ ఊళ్ళో ఏది తయారైతే ఆ ఊరి బహుమతి అదే. చీరాల్లో సముద్రం వైపు పరిగెత్తితే చేనేత తువ్వాలు ఇచ్చారు, అదీ చివరిదాకా వచ్చిన ప్రతివాడికీ. నేను దాన్ని మెళ్ళో వేసుకుని ఇంటికొస్తే మా నాన్న కిందికీ మీదికీ చూసి, "మనింట్లో తువ్వాళ్ళు లేవా?" అన్నాడు. వినుకొండలో కొండ చుట్టూ పందెం పెట్టారు. అక్కడ ఒక విత్తనాల కొట్టువాళ్ళు బెండ విత్తనాల పొట్లం ఇచ్చారు. మా అమ్మ వాటిని పెరట్లో చల్లింది. కాపుకొచ్చాక పులుసు పెట్టిన ప్రతిసారీ నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "మనవాడి కాళ్ళ కష్టం, కాస్త ముదిరింది" అనేవాడు.

నాన్న గురించి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఊళ్ళో ఆయన పేరు కాటా. ఎవరి కల్లంలో మిరపకాయలు తూకం వేస్తున్నా కాటా ముల్లు చూడటానికి ఆయన్ని పిలుచుకుపోయేవాళ్ళు. అటు రైతుకి ఒక కాయ తగ్గకూడదు, ఇటు షావుకారుకి ఒక కాయ పోకూడదు. ఆయన మాట కూడా అంతే, ఒక గింజ ఎక్కువుండదు, ఒక గింజ తక్కువుండదు. జ్వరం వచ్చినవాణ్ణి చూడటానికి వెళ్ళి అందరూ "తేరుకున్నావయ్యా" అంటుంటే ఆయన మాత్రం, "నిన్నటికంటే చిక్కావు" అని వచ్చేవాడు. అలాంటి మనిషికి నాలాంటి కొడుకు ఎలా పుట్టాడా అని ఊరంతా విడ్డూరపడేది. (మా మేనమామ అయితే ఆస్పత్రిలో పిల్లలు మారిపోయారనేవాడు. నేను పుట్టింది ఇంట్లోనే.)

ఇక బూట్లు. అంతవరకూ నేను స్కూల్లో డ్రిల్లుకి వేసుకున్న తెల్ల కాన్వాసు బూట్లతోనే లాక్కొచ్చాను. వాటి బొటనవేళ్ళ దగ్గర కిటికీలు పడ్డాయి. గుంటూరులో తోపుడు బండి మీద గుట్టగా పోసి అమ్ముతుంటే, అందులోంచి నిజమైన పరుగు బూట్లు, నీలం రంగువి, పక్కన మెరుపు గీతలున్నవి, ఏరుకున్నాను. నా కాలికంటే బాగా పెద్దవి. "పెద్దవయ్యాయి గదండీ" అంటే బండివాడు జాలిగా చూసి, "పరిగెత్తేటప్పుడు కాలు పొంగుద్దండీ. చిన్నయి తీసుకున్నోళ్ళంతా తర్వాత ఏడిశారు" అన్నాడు. నమ్మాను. ఇంటికొచ్చి రెండు అడుగులు వేస్తే బూటు అక్కడే ఉంది, కాలు ముందుకెళ్ళిపోయింది. మరి ముందు ఖాళీని నింపాలి కదా. మిగతా దేశంలో అయితే కాగితాలు కుక్కుతారేమో. మా ఇంట్లో వసారా నిండా పత్తి ఉంది. చేనులోంచి తీసి తెచ్చింది తెచ్చినట్టే, గింజతో సహా కుక్కాను. మెత్తగానే ఉంది. నాలుగు అడుగులు వేశాక గింజలు వేళ్ళని పలకరించడం మొదలెట్టాయి. కంకర రోడ్డుని బూటు లోపల పెట్టుకుని తారురోడ్డు మీద పరిగెత్తినవాణ్ణి ఈ భూమండలం మీద నేనొక్కణ్ణే.

ఇలా ఉండగా మార్టూరు నుంచి మైకు కట్టిన ఆటో మా ఊరికొచ్చింది. అక్కడ రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్ల ఓనర్లు కలిసి పరుగు పందెం పెట్టారట. మొదటి బహుమతి వంటగట్టుకి సరిపడా నల్ల గ్రానైటు పలక. ఆటో వీధి మలుపు తిరిగేలోపే మా అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది.

మా వంటింటి గట్టు ఒక పాత నాపరాయి. మధ్యలో పగిలి, ఒకవైపు కుంగింది. దాని మీద పప్పుగిన్నె పెడితే అది పడమటికి ప్రయాణం కట్టేది. అమ్మ ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో గిన్నెని పట్టుకుని ఇన్నేళ్ళూ వంట చేసింది. నల్లరాయి గట్టు వేయించమని ప్రతి ఏడూ అడిగేది. ప్రతి ఏడూ మిరపకో పత్తికో ఏదో ఒక పురుగు పట్టేది. గట్టు వచ్చే ఏడుకి పోయేది. మొన్నటిదాకా నా పరుగుని వేళాకోళం చేసిన అమ్మ ఆ సాయంత్రం నా పళ్ళెంలో రెండు గుడ్లు వేసి, "ఏరా, నువ్వు గట్టిగా పరిగెత్తితే వచ్చుద్దా?" అంది. అంతవరకూ నన్ను ఎవరూ ఏదీ ఆశగా అడగలేదు. తువ్వాలూ బెండ గింజలూ ఎవడు అడుగుతాడు? "వచ్చుద్దమ్మా" అన్నాను.

అంతే, ఇల్లంతా వ్యాయామశాల అయిపోయింది. అమ్మ జాన పెట్టి గట్టు కొలవడం మొదలెట్టింది. రోజూ కొలిచేది, రాయి పెరుగుతుందేమో అన్నట్టు. వంటింటి మూల పైకప్పుకి ఆసరాగా ఒక వేప గుంజ ఉండేది. అక్కడికొచ్చేసరికి ఆగి, "ఇక్కడ రాయికి గాటు పెట్టించాలి. లేకపోతే గుంజ అడ్డమొచ్చుద్ది. పందెమోళ్ళకి ముందే చెప్పాలేమో" అని దిగులుపడేది. అరుగు మీద కూర్చున్న నాన్న, "ముందు గెలవనియ్యి" అనేవాడు. "గెలుత్తాడు" అనేది అమ్మ. "పెద్ద పెద్దోళ్ళు వస్తారంట. కష్టం" అనేవాడు నాన్న. ఆయన కాటాలో నా తూకం అంతే వచ్చింది.

పందెం రోజు తెల్లవారుజామున నా బూటు తాళ్ళు తెగాయి. తోపుడు బండి తాళ్ళు కదా. అమ్మ ఒక్క నిమిషం కూడా కంగారుపడలేదు. టిక్కీలు కుట్టే పురికొస తెచ్చి, బూటు కన్నాల్లోంచి దూర్చి, బిగించి, టిక్కీ మూతికి వేసే ముడి వేసింది. ఆ ముడి సంగతి మా వైపు వాళ్ళకి తెలుసు. కల్లంలో వేస్తే గుంటూరు గోదాముకి చేరి, ఏడాది తర్వాత కత్తితో కోస్తే తప్ప ఊడదు. "ఇక భూకంపమొచ్చినా ఊడదు, పో" అంది అమ్మ, తృప్తిగా చేతులు దులుపుకుని. నాకూ బాగానే ఉంది. బూటు, పత్తి, కాలు మూడూ కలిసి ఒకే వస్తువైపోయాయి.

ఆ రోజే ఏదో బందు వచ్చి పడింది. బస్సులు లేవు. నాన్న, "ఎట్టాగూ ఆ వైపు పనుంది" అని మోపెడ్ తీశాడు. ఆ వైపు ఏం పనో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మార్టూరులో జనం తిరణాలలా ఉన్నారు. షామియానా కింద బల్ల మీద ఆ నల్లరాయి నిలబెట్టి ఉంది. దాంట్లో ఆకాశం కనబడుతోంది, మబ్బులు కనబడుతున్నాయి, నా మొహం కూడా కనబడింది (ఉన్నదానికంటే అందంగా). నా పక్కన గీత మీద నిలబడినాయన చీరాల వైపు నుంచి వచ్చిన ఒక మిషన్ స్కూలు డ్రిల్లు మాస్టారు. తాటిచెట్టంత పొడుగు. ఆయన మోకాలు నా నడుం దగ్గర మొదలవుతుందంటే నమ్మండి. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, కళ్ళు తెరిచి, నా బూట్ల వంక చూసి, "ఏంటి తమ్ముడూ, కాళ్ళు ఎగుమతి చేస్తన్నావా?" అన్నాడు.

ఈల వేశారు, పరిగెత్తాం. పక్క ఊళ్ళు చుట్టి మళ్ళీ షామియానా దగ్గరికే రావాలి. బందు పుణ్యమా అని రోడ్డు మీద పురుగు లేదు. ఊరు దాటాక నేను ముందున్న గుంపులోనే ఉన్నాను. నిజమండీ, ఇది తేమ కాదు. ముందు మాస్టారు, ఆయన వెనక ఇద్దరు ముగ్గురు, వాళ్ళ వెనకే నేను. గింజలు వేళ్ళని తొలుస్తున్నాయి, కానీ కళ్ళ ముందు నల్లరాయి మెరుస్తోంది. అప్పుడు మలుపు తిరిగాం.

రోడ్డు లేదు. ఎర్రసముద్రం ఉంది. మా వైపు తారురోడ్డులో సగం బండ్లది, సగం మిరపకాయలది అన్నది అందరికీ తెలిసిన ఒప్పందం. ఆ రోజు బందు కదా, ఎలాగూ బండ్లు రావని ఆ ఊరి రైతులు వాళ్ళ సగంతోపాటు బండ్ల సగం కూడా పరిచేశారు. పందెం సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. అటూ ఇటూ చూస్తే, ముందురోజే నీళ్ళు పెట్టిన రేగడి చేలు. రేగడి బురదలో కాలు పెడితే, తీసేటప్పుడు కాలుతోపాటు ఎకరం పొలం కూడా లేచి వస్తుంది. సముద్రం ఒడ్డున చేట పట్టుకుని ఒక అవ్వ నిలబడి ఉంది. చెప్పులు వేసుకుని మిరపకాయలు తొక్కడం అంటే మా దగ్గర దేవుడి పటం తొక్కినట్టే. ఎంతటివాడైనా కల్లంలోకి చెప్పులు విడిచే వెళ్ళాలి.

"ఆగండెహె! లచ్చిందేవిని తొక్కుతారా? బూట్లు ఇప్పి నడవండి!" అని అరిచింది అవ్వ.

డ్రిల్లు మాస్టారు మారుమాట్లాడకుండా బూట్లు విప్పి, చంకలో పెట్టుకుని, "సారీ అమ్మా" అంటూ ఎర్రసముద్రం మీద నడిచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ విప్పారు. కొందరికి అసలు బూట్లే లేవు, వాళ్ళు ఆగనే లేదు. నేను కింద కూర్చుని ముడి పట్టుకు లాగాను. లాగినకొద్దీ బిగుసుకుంది. గోళ్ళతో గీకాను, పళ్ళతో కొరికాను. మనిషి తన బూటుని తానే కొరుక్కోవడం అంత తేలిక కాదు, ప్రయత్నించి చూడండి. అవ్వ చేట పక్కన పెట్టి వంగి చూసింది.

"ఇది టిక్కీ ముడి గదరా! ఎవురేశారు?"

"మా అమ్మ."

"మీ అమ్మదే ఊరు?"

చెప్పాను. పక్కనుంచి ఇంకో ఇద్దరు వెళ్ళిపోయారు.

"ఆ ఊళ్ళో ఎవురింటి ఆడపడుచు?"

"అవ్వా, పందెం పోద్దే, ముందు కొడవలి ఉంటే ఇయ్యి."

"పోతే పోద్దిలే, యాడికి పోద్ది. ఈ ముడి ఎడమచేతి వాటం ముడి. ఇట్టా ఏసేది నాకు తెలిసి ఒక్కతే. మీ అమ్మమ్మ పొగాకు కాల్చే బేరన్ల దగ్గర పనికొచ్చేదా?"

"వచ్చేది."

"ఓరి నా తండ్రే!" అని అవ్వ నా రెండు బుగ్గలూ పుణికింది. పొద్దుట్నుంచి మిరపకాయలు తిరగేసిన చేతులతో. ఆ తర్వాత నాకు కనిపించిన లోకమంతా నీళ్ళలోనే కనిపించింది. "మీ అమ్మమ్మా నేనూ ఒకే బేరన్లో పొగాకు గుచ్చామయ్యా! మీ అమ్మకి నడక నేర్పింది నేను! ఇప్పుడెట్టుంది? మోకాళ్ళ నొప్పులా? పెద్దోడివి నువ్వేనా? ఏందిట్టా చిక్కిపోయావు, పెళ్ళయిందా?" చుట్టరికం తేలకుండా మా వైపు ఎవరూ ఎవరికీ ముడి విప్పరు. తేలాక కూడా వెంటనే విప్పరు. అవ్వ చెట్టుకింద ముంతలోంచి మజ్జిగ పోసి, తాగేదాకా కదలనివ్వలేదు. నేను గుక్క మింగుతున్నాను, మనుషులు దాటుతున్నారు. గుక్క మింగుతున్నాను, మనుషులు దాటుతున్నారు. అప్పుడు అవ్వ రెండు వేళ్ళు పెట్టి, ముడిని ఒక చోట నొక్కి, ఒక కొస లాగింది. జుట్టుముడి ఊడినట్టు జారిపోయింది. "మీ అమ్మమ్మే నేర్పింది నాకు" అంది.

బూట్లు రెండూ చేతుల్లో పట్టుకుని లేచాను. ఉత్తకాళ్ళతో ఎర్రసముద్రం మీదికి అడుగుపెట్టాను. ఘాటుకి ముక్కూ కళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. నేను తుమ్మితే వెనక్కి పడాలి కదా, కానీ ఆ రోజు ప్రతి తుమ్మూ నన్ను ముందుకి తోసింది. చూస్తే, ముందు వెళ్ళినవాళ్ళంతా రోడ్డు పక్కన కూర్చుని తుమ్ముతున్నారు! మిరప గోదాములో ఏళ్ళతరబడి పనిచేసిన ముక్కు నాదొక్కడిదే. వరసగా అందర్నీ దాటాను. కొందరు తెలివిమంతులు పక్క రేగడిలో దిగి, నడుందాకా కూరుకుపోయి, చేతులు ఊపుతున్నారు. వాళ్ళనీ దాటాను. షామియానా కనబడే దూరంలో మాస్టారు తాటిచెట్టులా ఊగుతూ తుమ్ముతున్నాడు. ఆయన తొమ్మిదో తుమ్ముకి, నేను పదో తుమ్ముకి ఉన్నప్పుడు దాటేశాను. జనం ఈలలు, మైకు గోల, ఎవరో నా మెళ్ళో బంతిపూల దండ! ఆ సాయంత్రం నల్లరాయి ట్రాక్టరెక్కి మా ఊరొచ్చింది. నలుగురు మోసి లోపల పెడితే వంటింట్లో అచ్చు గుద్దినట్టు సరిపోయింది, గుంజ దగ్గర గాటుతో సహా. అమ్మ పప్పుగిన్నె పెట్టి చెయ్యి తీసేసింది. గిన్నె కదల్లేదు. అమ్మ చాలాసేపు ఆ గిన్నె వంకే చూసింది.

బూట్లని పెరట్లో స్నానాల నీళ్ళు పారే చోట విసిరేశాను. వానలు పడ్డాక ఎడమ బూటులోంచి పత్తి మొక్క మొలిచింది. ఎదిగి పూత పూసి, ఒక కాయ కాసింది. అది పగిలాక అమ్మ ఆ పత్తితో దీపానికి ఒత్తి చేసింది.

ఇక ఏరుదాం. బూటులో పత్తి మొక్క తాలు అనుకున్నారు కదూ? కాదు. అది నికార్సయిన సరుకు, మా పెరట్లో అందరూ చూశారు. కండక్టరు నిజం. అవ్వ నిజం, ముడి నిజం, మజ్జిగ నిజం. మాస్టారి పొడుగు మాత్రం కాస్త తేమ పట్టింది. తాలుకాయ ఒక్కటే ఉంది. గెలిచాను అన్నానే, అది.

నేను మిరపకాయలు దాటేసరికి ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. మార్టూరు చేరేసరికి షామియానా విప్పుతున్నారు. నల్లరాయి మాస్టారికి వచ్చింది. (వాళ్ళ చర్చి వంటశాలకి ఇచ్చాడని తర్వాత విన్నాను.) ఆయన మాత్రం ఇంకా వెళ్ళలేదు. చెంబుతో నీళ్ళు పట్టుకుని నాకోసం నిలబడి, "కళ్ళు తుడుచుకోమాక తమ్ముడూ, చేతులకి కారముంటది. ముందు కడుక్కో" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు కారానివేనని ఆయన అనుకున్నాడో లేదో తెలియదు గానీ, అలాగే అన్నాడు.

నాన్న మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. "ఎక్కు" అన్నాడు. మోపెడ్ ఇంటివైపు కాకుండా పాలిష్ యూనిట్ల వైపు తిరిగింది. మధ్యాహ్నం దాటితే మా వైపు బందు దానంతటదే అలిసిపోతుంది కాబట్టి అక్కడ ఒక షెడ్డు తలుపులు తీసి ఉంది. నాన్న లోపలికి వెళ్ళి, అక్కడి మనిషికి చేత్తో జానలు పెట్టి చూపించాడు. పొడవు, వెడల్పు. తర్వాత ఒక మూల వేలితో గీసి, "ఇక్కడ గుంజ ఉంటది. గాటు పెట్టాలి" అన్నాడు. అరుగు మీద కూర్చుని ఆయన అమ్మ కొలతలన్నీ గుర్తుపెట్టుకుంటున్నాడని మాకెవరికీ తెలియదు. ఇంకేం మాట్లాడుకున్నారో రంపం మోతలో నాకు వినబడలేదు. రాయిని ట్రాక్టరెక్కించి, నాన్న దాని పక్కనే కూర్చుని, చెయ్యి దాని మీద వేసి పట్టుకున్నాడు. నేను వెనకాల మోపెడ్ మీద. బయల్దేరేముందు ఒక్క మాట అన్నాడు, "ఇంటికెళ్ళాక నువ్వేం మాట్టాడమాక. నే చెప్తా."

ఇంటికొచ్చాం. అమ్మ పరిగెత్తుకుంటూ బయటికొచ్చి, రాయిని మోస్తున్న నలుగురి వెనకే మళ్ళీ వంటింట్లోకి నడిచింది. ఊరంతా తూకానికి పిలుచుకుపోయే మనిషి, జ్వరం వచ్చినవాడికి కూడా తేరుకున్నావని చెప్పని మనిషి, గుంజ వంక చూస్తూ, "నీ కొడుకు ఫస్టొచ్చాడు" అన్నాడు.

అమ్మ రాయి మీద చెయ్యి వేసింది. అంచు వెంబడి నిమురుకుంటూ పోయి గాటు దగ్గర ఆగింది. వేలు అందులో పెట్టింది. గుంజ వంక చూసింది, నాన్న వంక చూసింది, నా ఎర్రబడ్డ కాళ్ళ వంక చూసింది. "పందెమోళ్ళు మంచోళ్ళే, అడక్కుండానే గాటు పెట్టారు" అంది. ఆ తర్వాత వీధిలోకి వెళ్ళి, ఎదురింటి అత్తతో, "మావాడు ఫస్టొచ్చాడు" అని నాలుగిళ్ళు వినబడేలా చెప్పింది.

ఆ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ విప్పలేదు. ఆ వంటిల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నాం. గుంజ పోయింది. రాయిని మాత్రం అలాగే తెచ్చి పెట్టుకున్నాం. కొత్త గట్టులో ఏ గుంజా లేని చోట ఆ గాటు అలాగే ఉంది, చూసినవాళ్ళంతా మేస్త్రీ పొరపాటు అనుకుంటారు. నేను ఇప్పటికీ ఆదివారాలు పరిగెత్తుతాను. కొలత సరిపోయే బూట్లు వేసుకుంటాను, మెళ్ళో మెడళ్ళు వేస్తున్నారు, ఎవరూ ఏడవటం లేదు, బస్సులు ఆగటం లేదు. ఆ మార్టూరు పందెం గురించి ఎవరడిగినా ఇంకా గెలుస్తూనే ఉన్నాను. ఏటేటా ఇంకో ఇద్దర్ని ఎక్కువ దాటుతున్నాను. ఏం చెయ్యమంటారు? మా నాన్న జీవితం మొత్తం మీద ఒక్కటే తాలుకాయ తూకంలో వేశాడు. దాన్ని ఎవరూ ఏరిపారెయ్యకుండా, ఇన్నేళ్ళుగా దాని చుట్టూ నేను టిక్కీలకి టిక్కీలు తాలు కలుపుకుంటూ వస్తున్నాను.